కష్టకాలంలో దేవుని ఉద్దేశం వెతుక్కోవడం ఎలా: బదరీ చెట్టు కింద నుంచి మొదలుపెట్టండి

ఉద్యోగం పోయిందో, ఇంట్లో మనిషి పోయారో, అప్పులవాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారో, డాక్టర్ చెప్పిన మాట ఇంకా చెవిలో మోగుతోందో, మీ కష్టం ఏదో నాకు తెలియదు. ఆదివారం చర్చికి వెళ్తే మాత్రం ఒక మాట తప్పకుండా వినపడి ఉంటుంది: "దీని వెనక దేవునికి ఏదో ఉద్దేశం ఉందమ్మా." నిజమే కావచ్చు. ఇంటికొచ్చి తలుపేసుకున్నాక ఆ ఉద్దేశం ఏమిటో ఎంత ఆలోచించినా తేలదు. నాకూ తేలలేదు.

నేను ఒక ప్రైవేటు స్కూల్లో పద్దెనిమిదేళ్లు తెలుగు చెప్పాను. 2020 మార్చిలో స్కూళ్లు మూసేశారు. రెండు నెలలు సగం జీతం వచ్చింది, ఆ తర్వాత అదీ లేదు. మళ్లీ తెరిచినప్పుడు నాకు పిలుపు రాలేదు. ఆ ఏడాది నాలాంటి టీచర్లు ఎంతోమంది కూరగాయల బండి పెట్టుకున్నారు, ఉపాధి హామీ పనికి వెళ్లారు. నేను మంచం మీద పడుకుని "ప్రభువా, ఎందుకు?" అని అడుగుతూ ఉండిపోయాను. ఆ రోజుల్లో తప్పుగా చేసినవీ, తర్వాత సరిగ్గా చేసినవీ వరసగా రాస్తున్నాను. వరస నాది కాదు, బైబిల్లో మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో ఉన్న ఏలీయా ప్రవక్త కథది. బైబిల్ దగ్గర పెట్టుకుని ఆ అధ్యాయం ఒకసారి చదివి రండి. పది నిమిషాలు కూడా పట్టదు.

ఒకటి: "ఎందుకు" అనే ప్రశ్నను పక్కన పెట్టి, తిండీ నిద్రా చూసుకోండి

కర్మెలు కొండ మీద బయలు ప్రవక్తలపై అంత పెద్ద విజయం చూసిన ఏలీయా, యెజెబెలు రాణి బెదిరింపు వినగానే పారిపోయాడు. బెయేర్షెబాలో తన పనివాణ్ణి వదిలేసి, ఒంటరిగా ఒక రోజు ప్రయాణమంత దూరం ఎడారిలోకి వెళ్లి, బదరీ చెట్టు కింద కూలబడి, "ఇక చాలు ప్రభువా, నా ప్రాణం తీసుకో" అన్నాడు. అప్పుడు దేవుడు ఆయనకు పాఠం చెప్పలేదు, విశ్వాసం తగ్గిందని మందలించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి లేపితే తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లబుడ్డి ఉన్నాయి. తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి కూడా లేపి తినమనే చెప్పాడు. దేవుడు ఆయన్ని మొదటి ప్రశ్న అడిగింది ఆ తర్వాత నలభై రోజుల నడక అయ్యాకే.

అందుకే మొదటి రెండు వారాలు మీ పని ఇంతే: వేళకు పడుకోవడం, కూర్చుని తినడం, వేసుకుంటున్న మందులు ఆపకుండా వేసుకోవడం, పొద్దున ఎండెక్కక ముందు అరగంట నడవడం. రాత్రి పది దాటాక ఫోన్ ఇంకో గదిలో పెట్టండి. అప్పుల లెక్కలు, ఆస్పత్రి రిపోర్టులు అర్ధరాత్రి చూస్తే ఉన్న కష్టం రెండింతలై కనిపిస్తుంది. పక్కింటివాళ్లు క్యారేజీ పంపిస్తే వద్దనకండి. ఆ దూత పని ఇప్పుడు వాళ్లు చేస్తున్నారు.

ఉపవాసం గురించి ఒక మాట. మన సంఘాల్లో కష్టం రాగానే ఇరవై ఒక్క రోజులు, నలభై రోజులు ఉపవాసం పట్టమంటారు. ఉపవాసం మంచిదే, నేనూ ఉంటాను. కానీ దుఃఖంతో అప్పటికే అన్నం సహించని మనిషికి ఉపవాసం కొత్త బరువు అవుతుంది. ఏలీయాకు వచ్చిన ఆజ్ఞ "లేచి తిను" అనే. షుగర్, బీపీ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా అసలు మొదలుపెట్టవద్దు. ఈ రెండు వారాలు ప్రార్థన కూడా చిన్నదే చేయండి. "ప్రభువా, ఈ రోజు దాటించు" అంటే చాలు.

ఏలీయాలా మీకూ చచ్చిపోవాలనిపిస్తుంటే, అది విశ్వాసం లేకపోవడం అనుకుని దాచుకోకండి. ఇప్పుడే ఇంట్లో ఒకరికి చెప్పండి. 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్ లైన్, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లడం దేవుణ్ణి కాదనడం కాదు. అపొస్తలుడైన పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే కదా.

రెండు: మొర రాయండి

నాకు అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది ఇదే, కాబట్టి కొంచెం ఎక్కువ చెబుతాను.

ఏడవకుండా స్తుతించడమే విశ్వాసమని మనకు అలవాటైపోయింది. ఎవరైనా పలకరిస్తే "దేవుని కృప వల్ల బాగున్నానండి" అంటాం. కీర్తనల గ్రంథం తిప్పితే అలా ఉండదు. అందులో ఎన్నో కీర్తనలు మొరలు, ఫిర్యాదులు. "ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని దేవుణ్ణి నిలదీసే మాటతో 13వ కీర్తన మొదలవుతుంది. 88వ కీర్తన అయితే చివరికి కూడా తేరుకోదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అంటూనే ముగుస్తుంది. అలాంటిది కూడా దేవుని గ్రంథంలో ఉందంటే, మీ మొరకు ఆయన దగ్గర చోటు లేదని ఎవరు చెప్పినా నమ్మకండి.

ఒక మామూలు నోట్‌బుక్ తీసుకోండి. పైన తారీఖు వేయండి. 13వ కీర్తనలో ఉన్నవి ఆరే వచనాలు. దాన్ని నెమ్మదిగా చదివి, అదే దారిలో మీ సొంత మాటల్లో రాయండి. ముందు పేరు పెట్టి పిలవండి: ప్రభువా, తండ్రీ, యేసయ్యా, మీ నోటికి వచ్చినట్టు. తర్వాత ఫిర్యాదు రాయండి, ఉన్నదున్నట్టు. "మా ఆయన ఆస్పత్రి బిల్లు కోసం బంగారం తాకట్టు పెట్టాను, ఇప్పుడు మనిషీ లేడు, బంగారమూ లేదు" అని రాయండి. గుండ్రంగా "శోధనల్లో ఉన్నాను" అని రాస్తే అది మొర కాదు. ఆ తర్వాత ఏం కావాలో అడగండి, అదీ పేరు పెట్టి: ఈ నెల అద్దె, రేపటి స్కాన్ రిపోర్టు, అక్కతో మాటలు కలవడం. చివర్లో నమ్మకం మాట ఒకటి వస్తే రాయండి. రాకపోతే ఖాళీ వదిలేయండి. మొదటి పదకొండు రోజులు నా నోట్‌బుక్‌లో ఆ చోటు ఖాళీగానే ఉంది.

ఏ కీర్తన దగ్గర మొదలుపెట్టాలో తెలియకపోతే ఇలా చూడండి. జబ్బుతో రాత్రుళ్లు ఏడుస్తున్నవాళ్లకు 6. నమ్మిన స్నేహితుడే మోసం చేస్తే 55. అన్యాయం చేసినవాళ్లు బాగుండి మీరు ఇలా అయిపోయారని మండుతుంటే 73. నన్ను పట్టించుకునేవాళ్లు ఒక్కరూ లేరనిపిస్తే 142, దావీదు గుహలో ఉన్నప్పటిది. గల్ఫ్‌లోనో అమెరికాలోనో మన సంఘానికి, మన భాషకు దూరంగా ఉండి కష్టపడుతున్నవాళ్లకు 42. రోజుకు పదిహేను నిమిషాలు చాలు. పాత అనువాదం భాష బరువుగా ఉంటే వాడుక భాషలో ఉన్న అనువాదం చదవండి, తప్పేం లేదు.

బిడ్డల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు దేవునితో గట్టిగా వాదించాడు. అతని స్నేహితులు దేవుని తరఫున చక్కగా మాట్లాడారు. చివరికి దేవుడు తన గురించి సరిగ్గా మాట్లాడింది యోబే అన్నాడు.

మూడు: లెక్క ఒక కాగితం మీద పెట్టండి

ఇది ఆత్మీయం కాదనుకుంటారు. బాకీలు, రావలసినవి, కట్టవలసిన ఫీజులు, ఇన్సూరెన్స్ కాగితాలు, పెన్షన్ దరఖాస్తు అన్నీ ఒక్క కాగితం మీద రాసి ఇంట్లోవాళ్లకు చూపించండి. ముఖ్యంగా నెలకు నూటికి మూడు, అయిదు వడ్డీ అప్పులు దాచవద్దు. నెహెమ్యా 5వ అధ్యాయంలో జనం తమ పొలాలు, ద్రాక్షతోటలు తాకట్టు పెట్టి తిండిగింజలు తెచ్చుకున్నామని మొరపెడితే, వాళ్ల అధిపతి నెహెమ్యా ప్రార్థన చేసి ఊరుకోలేదు. అప్పులిచ్చినవాళ్లను సభలో నిలబెట్టి పొలాలు తిరిగి ఇప్పించాడు. మీ సంఘంలో బ్యాంకులోనో, తహసీల్దారు ఆఫీసులోనో పనిచేసి రిటైరైన పెద్దలు ఉంటారు. ఆ కాగితం తీసుకుని వాళ్ల దగ్గరికి వెళ్లండి.

నాలుగు: ఇద్దరు మనుషుల్ని ఎంచుకోండి

అందరికీ చెప్పకండి. ఎవరికీ చెప్పకుండానూ ఉండకండి. ఇద్దరు చాలు. ఎవర్ని ఎంచుకోవాలి? మీ కంటే ముందు కష్టపడి బయటపడ్డవాళ్లను. విన్నది ప్రార్థన అంశం పేరుతో వాట్సాప్ గ్రూపులో పెట్టనివాళ్లను. వాళ్లలో ఒకరు వయసులో పెద్దవారైతే మంచిది. ఏమని అడగాలో కూడా చెబుతాను: "అక్కా, నాకు సలహా వద్దు. వారానికి ఒకసారి వచ్చి నా పక్కన కూర్చో. నేను చెప్పింది విని ప్రార్థన చేసి వెళ్లు." ఇలా తేటగా చెబితే ఎదుటివాళ్లకూ సులువు. యోబు స్నేహితులు చేసిన మంచిపని ఏదైనా ఉందంటే, ఏడు పగళ్లు ఏడు రాత్రులు నేల మీద అతనితో మౌనంగా కూర్చోవడమే. నోరు తెరిచాకే పాడుచేశారు.

"మీ పాపం వల్లే ఇలా జరిగింది" అనేవాళ్లు ఒకరైనా ఎదురవుతారు. యోహాను సువార్త 9వ అధ్యాయం గుర్తుంచుకోండి. పుట్టుగుడ్డివాణ్ణి చూసి, ఎవరి పాపం వల్ల ఇలా పుట్టాడని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వీడి తల్లిదండ్రులూ కాదు అని యేసు సూటిగా చెప్పాడు. మీరు నిజంగా చేసిన తప్పు ఉంటే అది వేరు. దాన్ని ఒప్పుకోండి, సరిచేయండి, అక్కడితో వదిలేయండి. లేని తప్పు కోసం తవ్వుకోవద్దు.

ఇంకో రకం మనుషులు ఉంటారు. మీకు ప్రత్యేకంగా ప్రవచనం వచ్చిందంటారు, ఇచ్చినదానికి ఎన్నో రెట్లు తిరిగి వస్తుందని విత్తనం కానుక వేయమంటారు, మందులు ఆపేస్తేనే స్వస్థత అంటారు. కష్టంలో ఉన్నవాళ్ల చేతిలో మిగిలిన చివరి రూపాయి కూడా అలా పోవడం నేను చూశాను. ఏలీయాను పోషించిన దేవుడు ఆ రొట్టెకు డబ్బు అడగలేదు.

అయిదు: వాగ్దాన వచనం చుట్టూ ఉన్నది కూడా చదవండి

డిసెంబరు 31 రాత్రి కూడికలో మనకు కొత్త ఏడాదికి ఒక వచనం రాసిన వాగ్దాన కార్డు ఇస్తారు. ఎక్కువమందికి వచ్చే వచనం యిర్మీయా 29:11. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." బీరువా తలుపు మీద అంటించుకుంటాం. ఈసారి అధ్యాయం మొత్తం చదవండి. అది చెరపట్టబడి బబులోనుకు పోయినవాళ్లకు రాసిన ఉత్తరం. దాని పై వచనంలోనే డెబ్బై ఏళ్లు అని ఉంది. అంటే ఆ ఉత్తరం చదివిన పెద్దవాళ్లలో చాలామంది మళ్లీ యెరూషలేము చూడరు. మరి వాళ్లను ఏం చేయమన్నాడు? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి పండ్లు తినండి, మీరున్న పట్టణం బాగు కోసం ప్రార్థన చేయండి అన్నాడు.

నాకు ఆ అధ్యాయంలో దొరికిన ఆదరణ ఇదే: దేవుని ఉద్దేశం కష్టం అయిపోయిన తర్వాత మొదలయ్యేది కాదు, బబులోనులో తోట నాటేటప్పుడే నడుస్తోంది. యోసేపును అన్నలు బానిసగా అమ్మేసినప్పుడు అతనికి పదిహేడేళ్లు, ఐగుప్తు రాజు ఫరో ఎదుట నిలబడినప్పుడు ముప్పై. మధ్యలో పదమూడేళ్లు. చెరసాలలో ఒక ఉదయం తోటి ఖైదీల ముఖాలు వాడిపోయి ఉండటం గమనించి, ఏమైందని అడిగాడు. సింహాసనం దాకా వెళ్లిన దారి ఆ పలకరింపు దగ్గర తెరుచుకుంది.

ఆరు: చేతిలో ఉన్నదానితో ఒక చిన్న పని మొదలుపెట్టండి

ఏలీయా నలభై రోజులు నడిచి చేరిన హోరేబు కొండ గుహ దగ్గర దేవుడు అడిగిన ప్రశ్న "ఏలీయా, యిచ్చట నీవేమి చేయుచున్నావు?" అని. రెండుసార్లు అదే ప్రశ్న. ఏలీయా రెండుసార్లూ ఒకే జవాబు చెప్పాడు: నేనొక్కడినే మిగిలాను. దేవుడు వాదించలేదు, వచ్చిన దారిన తిరిగి వెళ్లమని పని చెప్పాడు. బయలుకు మొక్కనివాళ్లు ఏడు వేలమంది ఇంకా మిగిలి ఉన్నారన్న సంగతి ఆ పని అప్పగింతలోనే చెప్పాడు.

మా ఒంగోలు ప్రాంతం చరిత్రలో దీనికి దగ్గరగా ఉన్న సంగతి ఒకటుంది. బాప్టిస్టు తెలుగు మిషన్‌ను మూసేద్దామని అమెరికాలో ఆలోచిస్తున్న కాలంలో, 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ లైమన్ జూవెట్ దంపతులు, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థన చేశారు. వాళ్లు అడిగిన సేవకుడు, మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్లు పట్టింది. ఆ తర్వాత 1876లో పెద్ద కరువు వచ్చింది. సర్వే పని నేర్చుకున్న క్లౌ, బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు పారా, తట్టా, కూలీ ఇచ్చాడు. పనికోసం, తిండికోసం మతంలోకి వచ్చారనే మాట రాకూడదని కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఇవ్వలేదు. అదంతా అయ్యాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చాలామంది ఆ సంఖ్య దగ్గర ఆగుతారు. నాకు మాత్రం ఆ కాలువ గట్టు ముఖ్యం. కరువు ఎందుకొచ్చిందో తేల్చుకునే దాకా ఆగకుండా, తనకు వచ్చిన పనితోనే ఒక మనిషి మొదలుపెట్టాడు.

మీ పని ఏదో తెలుసుకోవడానికి నోట్‌బుక్‌లో మూడు ప్రశ్నలు రాసుకోండి. ఇదివరకు తెలియని ఏ బాధ నాకు ఇప్పుడు తెలిసింది? దేవుడు మోషేను అడిగినట్టు, నా చేతిలో ఉన్నది ఏమిటి? నడిచి వెళ్లగలిగేంత దూరంలో ఆ బాధ పడుతున్నది ఎవరు? ఈ మూడూ కలిసే చోట ఒక పని ఉంటుంది. దేవుడు ఇచ్చిన ఆదరణతోనే ఇతరులను ఆదరించగలుగుతామని పౌలు కొరింథీయులకు రెండో పత్రిక మొదట్లో రాసింది ఇదే.

నా జవాబులు చెబుతాను. తెలిసిన బాధ: ఫీజు కట్టలేక తలవంచుకుని నిలబడటం. చేతిలో ఉన్నది: ఒత్తులు, గుణింతాలు నేర్పడం. దగ్గర ఉన్నవాళ్లు: రెండేళ్లు బడి లేక అక్షరాలు మరిచిపోయిన మా వీధి పిల్లలు. సాయంత్రం అయిదున్నర నుంచి ఏడు దాకా మా వరండాలో చదువు మొదలుపెట్టాను. మొదటిరోజు నలుగురు వచ్చారు. దానితో ఇల్లు గడవలేదు. పగలు బట్టల షాపులో లెక్కలు రాశాను. ఇది సేవ, అది బతుకుతెరువు అని విడదీయడం కూడా కొన్నాళ్లకు మానేశాను.

రెండు జాగ్రత్తలు. పనిని నెల రోజులకే ఒప్పుకోండి, జీవితాంతం చేస్తానని మొక్కుకోవద్దు. ఇంకా పచ్చిగా ఉన్న గాయంతో స్టేజీ ఎక్కి సాక్ష్యం చెప్పవద్దు. పాస్టర్ గారు అడిగినా "కొన్నాళ్లు ఆగి చెబుతానండి" అనండి. మనిషి పోయిన మూడు వారాలకే ఆదరణ కూడికలో నవ్వుతూ సాక్ష్యం చెప్పిన ఒక చెల్లెలు, ఆ తర్వాత ఆరు నెలలు మందిరానికి రాలేకపోయింది.

ఏడు: నెలకోసారి వెనక్కి తిప్పి చదవండి

నెల చివరి శనివారం నోట్‌బుక్ మొదటి పేజీ నుంచి చదవండి. జవాబు వచ్చిన మనవి పక్కన తారీఖు వేయండి. రాని వాటిని కొట్టేయకండి, అవి అలాగే ఉండనివ్వండి. నూతన బలం అంటే మెరుపులా దిగివస్తుందని నేను అనుకునేదాన్ని. నా నోట్‌బుక్‌లో అది కనిపించిన తీరు వేరు. ఒక పేజీలో మొదటిసారి ఇంకొకరి పేరు మీద ప్రార్థన ఉంది. ఇంకో పేజీలో కూర బాగా కుదిరిందని రాసి ఉంది. నాలుగో నెలలో, చివర ఖాళీగా వదిలే చోటు నిండటం మొదలైంది. ఎప్పుడు మొదలైందో నేను గమనించనే లేదు.

రెండు మూడు నెలలైనా ఏమీ మారకపోతే, నిద్ర ఇంకా రాకపోతే, మళ్లీ మొదటి పని దగ్గరికి వెళ్లండి, డాక్టర్‌ని కలవండి. ఏలీయాను దూత రెండుసార్లు లేపాల్సి వచ్చింది.

హోరేబులో ఏలీయాకు మూడు పనులు చెప్పారు: హజాయేలును, యెహూను రాజులుగా, ఎలీషాను తన తర్వాత ప్రవక్తగా అభిషేకించమని. ఆ తర్వాత అధ్యాయాలు చదివితే, వాటిలో ఏలీయా తన చేతులతో చేసింది ఒక్కటే. పన్నెండు జతల ఎడ్లతో దుక్కి దున్నుతున్న ఎలీషా దగ్గరికి వెళ్లి తన దుప్పటి అతని మీద వేశాడు. మిగతా రెండూ ఎలీషా కాలంలో జరిగాయి. కాబట్టి ఈ నెల నోట్‌బుక్ మూసే ముందు ఒక పేరు రాయండి. మీకు వచ్చిన కష్టమే ఇప్పుడిప్పుడే మొదలైనవాళ్లు, మీకంటే చిన్నవాళ్లు ఎవరో ఒకరు గుర్తొస్తారు. వచ్చే వారం వాళ్లింటికి వెళ్లండి. వచనాలేవీ సిద్ధం చేసుకోనక్కర్లేదు. తినడానికి ఏదైనా వండి పట్టుకెళ్లండి.